కొత్తగా వచ్చిన మెయిల్స్‌తోనే స్పామ్ ఫిల్టర్‌కు ట్రైనింగ్ ఇవ్వడం ఎలా?

"సర్వర్‌లో స్పామ్‌ను పట్టే స్పామ్‌అసాసిన్ ప్రోగ్రామ్ పెట్టాను. రోజూ రాత్రి ట్రైనింగ్ నడుస్తోంది. పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి అది ఇంకా నడుస్తూనే ఉంటుంది, స్పామ్ మాత్రం తగ్గట్లేదు. ఏం చేయాలి?"

చిన్న ఆఫీసుల మెయిల్ సర్వర్లు చూసుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. చాలామంది దగ్గర తప్పు కూడా ఒక్కటే. ఐదేళ్ల ఇన్‌బాక్స్ మొత్తాన్ని ప్రతి రాత్రీ మళ్లీ మొదటి నుంచి ఫిల్టర్‌కు తినిపిస్తుంటారు. ఒకసారి నేర్చుకున్న మెయిల్‌ను స్పామ్‌అసాసిన్ రెండోసారి లెక్కలోకి తీసుకోదు, నిజమే. కానీ అది పాతదా కొత్తదా అని తేల్చుకోవడానికైనా ఫైల్ తెరిచి చదవాల్సిందే. టైమ్ అంతా పోయేది అక్కడే. కొత్తగా వచ్చినవీ, మనిషి చూసి ఇది మంచిది, ఇది చెత్త అని తేల్చినవీ మాత్రమే ఇస్తే చిన్న ఆఫీసుకు ఒకటి రెండు నిమిషాల పని.

ఇక్కడ చెప్పేది లినక్స్ మీద స్పామ్‌అసాసిన్, మెయిల్స్ దాచడానికి డవ్‌కాట్, మెయిల్‌డిర్ పద్ధతి వాడేవాళ్ల కోసం. కమాండ్‌లను పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లిష్‌లో కొట్టుకోండి. మీది సొంత సర్వర్ కాకపోతే చివర్లో థండర్‌బర్డ్ గురించి రాసిన భాగానికి వెళ్లిపోండి.

ముందు దగ్గర ఉంచుకోవలసినవి

- సర్వర్ మీద రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్) లాగిన్.
- ఫిల్టర్ ఏ యూజర్ పేరుతో నడుస్తోందో ఆ పేరు. డెబియన్, ఉబుంటుల్లో చాలాచోట్ల డెబియన్-స్పామ్‌డి; అమావిస్ అనే మెయిల్ స్కానర్ ద్వారా నడిపితే అమావిస్. ఊహించకండి, నడుస్తున్న ప్రోగ్రాములు చూపించే పీఎస్ కమాండ్ కొట్టి కళ్లతో చూడండి.
- కనీసం 200 స్పామ్, 200 మంచి మెయిల్స్. మంచి మెయిల్‌ను ఈ లోకంలో హామ్ అంటారు. రెండింట్లో ఏది 200 కంటే తక్కువున్నా బేయస్ భాగం (నేర్చుకున్న మెయిల్స్‌ను బట్టి స్పామ్ అవునో కాదో అంచనా వేసేది) అసలు నోరే విప్పదు.
- మెయిల్ వాడేవాళ్లతో 10 నిమిషాల మాటామంతీ. ఇది వదిలేస్తే మిగతాదంతా దండగ.

1. ట్రైనింగ్ కోసం వేరే ఫోల్డర్ పెట్టండి

ఫిల్టర్ తనంతట తాను పట్టుకున్నవి స్పామ్ ఫోల్డర్‌లో పడతాయి కదా, వాటినే మళ్లీ ట్రైనింగ్‌కు ఇవ్వకండి. పిల్లవాడు రాసిన పేపర్‌ను వాడితోనే దిద్దించినట్టు ఉంటుంది. పొరపాటున అందులో ఒక పార్టీ పంపిన పర్చేజ్ ఆర్డర్ చిక్కుకుంటే, అది స్పామేనని ఫిల్టర్ ఇంకాస్త గట్టిగా నమ్ముతుంది.

అందుకే ప్రతి మెయిల్‌బాక్స్‌లో ఇంకో ఫోల్డర్ పెట్టండి. పేరు మీ ఇష్టం, నేను "ఇది చెత్త" అని పెడతాను. ఇన్‌బాక్స్‌లోకి జారిపడిన స్పామ్‌ను అందరూ ఇందులోకి లాగాలి. పొరపాటున స్పామ్‌లో పడిన మంచి మెయిల్‌ను మాత్రం తిరిగి ఇన్‌బాక్స్‌లోకి లాగితే చాలు. మీ వాళ్లకు ఈ రెండు మాటలే చెప్పండి. ఇంకొకటి కూడా: డిలీట్ చేస్తే ఫిల్టర్ ఏమీ నేర్చుకోదు. ట్రాష్‌లో ఉన్నదంతా స్పామ్ అనుకుని ట్రైనింగ్‌కు ఇచ్చేవాళ్లను చూశాను. చదివేసి తీసేసిన కరెంటు బిల్లు మెయిల్ కూడా ట్రాష్‌లోనే ఉంటుంది మరి.

హెచ్చరిక: స్పామ్‌ను మీకు ఫార్వర్డ్ చేయమని ఎవరికీ చెప్పకండి. నేను చెప్పి దెబ్బతిన్నాను. పెళ్లి కార్డుల ప్రెస్ ఒకదానికి సర్వర్ చూసేవాణ్ణి. అక్కడి డిజైనర్ ఓపిగ్గా 40 స్పామ్‌లు నాకు ఫార్వర్డ్ చేశాడు, నేను వాటిని అలాగే ట్రైనింగ్‌కు ఇచ్చేశాను. ఫార్వర్డ్ చేసిన మెయిల్ హెడర్లలో (ఎవరు, ఎటు నుంచి పంపారో చెప్పే పై లైన్లలో) స్పామ్ పంపినవాడి ఆనవాళ్లు ఉండవు, ఫార్వర్డ్ చేసినవాడివే ఉంటాయి. దాంతో ఫిల్టర్ ఆ అబ్బాయి పేరు, అతని సిగ్నేచర్, ప్రెస్ అడ్రస్ స్పామ్ లక్షణాలని నేర్చుకుంది. మూడో రోజు నుంచి అతను కస్టమర్లకు సీసీ పెట్టి పంపే ప్రూఫులన్నీ స్పామ్‌లోకి! అదీ శ్రావణమాసం ముహూర్తాల ముందు. చివరికి డేటాబేస్ తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

2. మొదటిసారి విత్తనం వేయండి

ఇది ఒక్కసారి చేసే పని. గత రెండు మూడు నెలల మెయిల్స్ నుంచి స్పామ్ 300, హామ్ 300 ఏరి, వేర్వేరు ఫోల్డర్లలో పెట్టండి. ఏరడం చేత్తోనే చేయాలి, దీనికి దొడ్డిదారి లేదు. వీలైతే వెయ్యి చొప్పున ఏరితే ఇంకా మంచిది. 5000 దాటాక కచ్చితత్వం పెద్దగా పెరగదని స్పామ్‌అసాసిన్ తయారీదారులే తమ మాన్యువల్‌లో రాశారు. కాబట్టి పాత బ్యాకప్‌లు తవ్వకండి.

రెండు రకాలూ ఒకే కాలానివి అయ్యుండాలి. మూడేళ్ల కిందటి హామ్, ఈ నెల స్పామ్ కలిపి ఇస్తే, కొత్త తేదీ కనపడటమే స్పామ్ గుర్తు అని ఫిల్టర్ తీర్మానించుకునే ప్రమాదం ఉంది. భాష సంగతి కూడా చూసుకోండి. మీ మంచి మెయిల్స్ ఎక్కువగా తెలుగులో, స్పామంతా ఇంగ్లిష్‌లో ఉంటే, ఇంగ్లిష్‌లో వచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్ మీద దానికి అనుమానం వస్తుంది. హామ్ కుప్పలో జీఎస్‌టీ ఇన్‌వాయిస్‌లు, కొటేషన్లు, ఓటీపీలు, కొరియర్ మెయిల్స్ తప్పకుండా కలపండి.

3. "కొత్తవి" అంటే ఏ తేదీ ప్రకారం?

అసలు కిటుకు ఇక్కడే ఉంది, కొంచెం నిదానంగా చదవండి.

మెయిల్‌డిర్‌లో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్. ప్రతి ఫైల్‌కూ మనకు పనికొచ్చే తేదీలు రెండుంటాయి. ఎంటైమ్ అంటే, డవ్‌కాట్ వాడుకలో, మెయిల్ వచ్చిన టైమ్. ఇంకో ఫోల్డర్‌లోకి లాగినా అది మారదు. సీటైమ్ అంటే ఆ ఫైల్‌ను చివరిసారి కదిపిన టైమ్. ఫోల్డర్ మారినా, చదివినట్టు గుర్తు పడినా ఇది మారుతుంది.

ఉదాహరణకు, అకౌంట్స్ చూసే మేడమ్ వారం సెలవు పెట్టి సోమవారం వచ్చి, వారం కిందటి స్పామ్‌లు పన్నెండు "ఇది చెత్త" ఫోల్డర్‌లోకి లాగారు. మీ స్క్రిప్ట్ (రాత్రి ట్రైనింగ్ నడిపే కమాండ్ల ఫైల్) ఎంటైమ్ చూసి గత ఒక్క రోజువే వెతికితే ఆ పన్నెండూ దానికి కనపడవు. ఎప్పటికీ కనపడవు కూడా. అదే సీటైమ్ చూస్తే అన్నీ దొరుకుతాయి. కాబట్టి స్పామ్‌కు సీటైమ్ వాడండి.

హామ్‌కు తిరగేయాలి. ఇన్‌బాక్స్‌లో ఉన్నంత మాత్రాన అది మంచిదని కాదు, ఇంకా ఎవరూ చూసి ఉండకపోవచ్చు. ఈ మూడు షరతులూ కలిసినవే తీసుకోండి:

- మెయిల్‌డిర్ లోపలి ‘కర్’ ఫోల్డర్‌లో ఉండి, ఫైల్ పేరు చివర చదివినట్టు గుర్తుగా పెద్ద ఎస్ అక్షరం ఉండాలి.
- డిలీట్‌కు గుర్తైన పెద్ద టీ ఉండకూడదు.
- వచ్చి మూడు రోజులు దాటి ఉండాలి, పది రోజులు మించకూడదు. ఇక్కడ ఎంటైమ్ వాడాలి.

మూడు రోజుల గడువు ఎందుకంటే, చదివిన వెంటనే అందరూ స్పామ్‌ను లాగి పారేయరు. టీ తాగొచ్చి చేస్తారు, లేదా మర్నాడు చేస్తారు. ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్‌లో ఒక చిక్కు: ఎంటైమ్ ప్లస్ 2 అని రాస్తేనే మూడు రోజులు నిండినవి వస్తాయి. ప్లస్ 3 అంటే నాలుగు రోజులు నిండినవి.

4. గుర్తు ఫైల్ పెట్టుకోండి

స్పామ్ కోసం "గత 24 గంటలు" అని రాయడం తేలికే. కానీ ఒక రాత్రి కరెంటు పోయి సర్వర్ ఆగితే ఆ రోజు మెయిల్స్ జారిపోతాయి. అందుకే ఒక ఖాళీ గుర్తు ఫైల్ పెట్టుకుని, దానికంటే కొత్తవి ఏవని అడగండి. ఫైండ్‌లో దీనికి సీన్యూయర్ అనే ఆప్షన్ ఉంది.

వరుస ముఖ్యం:

ముందు టచ్ కమాండ్‌తో "కొత్త గుర్తు" చేయండి. తర్వాత "పాత గుర్తు" కంటే కొత్త ఫైళ్లను వెతకండి. ట్రైనింగ్ ఏ ఎర్రరూ లేకుండా పూర్తయితేనే కొత్త గుర్తును పాత గుర్తు స్థానంలోకి మార్చండి.

టచ్ చివర్లో చేస్తే, ట్రైనింగ్ నడుస్తున్న నిమిషంలో ఎవరైనా లాగిన మెయిల్ తప్పిపోతుంది. మొదట్లో చేస్తే మహా అయితే ఒకటి రెండు మెయిల్స్ రెండుసార్లు వస్తాయి, స్పామ్‌అసాసిన్ వాటిని గుర్తుపట్టి వదిలేస్తుంది.

5. దొరికినవాటిని తాత్కాలిక ఫోల్డర్‌లోకి కాపీ చేయండి

మెయిల్ ఫైళ్లు ఒక యూజర్‌వి, ఫిల్టర్ ఇంకో యూజర్. వాటిని చదివే పర్మిషన్ ఫిల్టర్‌కు సాధారణంగా ఉండదు. చాలామంది ఇక్కడ విసుగొచ్చి మొత్తం రూట్‌తోనే నడిపేస్తారు. అలా చేయకండి, ఎందుకో కింద చెబుతాను.

స్క్రిప్ట్ రూట్‌తోనే మొదలవనివ్వండి. అది స్పామ్, హామ్ అని రెండు తాత్కాలిక ఫోల్డర్లు చేసి, దొరికిన ఫైళ్లను వాటిలోకి కాపీ చేసి, ఓనర్‌ను ఫిల్టర్ యూజర్‌కు మార్చాలి. పర్మిషన్ 700 (ఓనర్ తప్ప మామూలు యూజర్లెవరూ చదవలేనట్టు) పెట్టండి. జనాల మెయిల్స్ కదా, పని అవ్వగానే తుడిచేయాలి.

కాపీతో ఇంకో లాభం ఉంది. వెతకడానికీ చదవడానికీ మధ్య ఎవరైనా ఆ మెయిల్ తెరిస్తే ఫైల్ పేరు మారిపోతుంది, ట్రైనింగ్ మధ్యలో "ఫైల్ లేదు" అని గోల చేస్తుంది. కాపీ అయిపోతే ఆ గొడవ ఉండదు. కాపీ సమయంలోనే ఒకటి తప్పిపోయినా పర్వాలేదు. పేరు మారినందుకు దాని సీటైమ్ కూడా మారింది కాబట్టి రేపు దొరుకుతుంది.

6. ఫోల్డర్ మొత్తాన్ని ఒక్కసారే ఇవ్వండి

ఇప్పుడు ఫిల్టర్ యూజర్‌గా మారి ట్రైనింగ్ ఇచ్చే ఎస్‌ఏ-లెర్న్ కమాండ్‌ను మూడుసార్లు నడపండి. మొదట స్పామ్, నో-సింక్ ఆప్షన్లతో స్పామ్ ఫోల్డర్ మీద. తర్వాత హామ్, నో-సింక్ ఆప్షన్లతో హామ్ ఫోల్డర్ మీద. చివరగా ఒట్టి సింక్‌తో. నో-సింక్ అంటే నేర్చుకున్నది ప్రతిసారీ డేటాబేస్‌లోకి సర్దకుండా, చివర్లో ఒకేసారి సర్దడం.

ఫోల్డర్ మొత్తాన్ని ఒక్క కమాండ్‌కు ఇవ్వాలి. లూప్ పెట్టి మెయిల్‌కు ఒకసారి చొప్పున పిలిస్తే, ప్రతిసారీ రూల్స్ అన్నీ మళ్లీ లోడ్ అవుతాయి. రెండు వందల మెయిల్స్ ఉంటే రెండు వందల సార్లు బండి స్టార్ట్ చేసి ఆపినట్టే. ఏ రోజైనా ఫోల్డర్ ఖాళీగా ఉంటే ఆ కమాండ్‌ను దాటేసేలా రాసుకోండి.

క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కు పనులు నడిపేది) రాత్రి రెండింటికో మూడింటికో పెట్టండి. నిన్నటి రన్ ఇంకా నడుస్తుంటే ఇవాళ్టిది మొదలవకుండా ఎఫ్‌లాక్ తగిలించండి.

7. పని జరిగిందో లేదో చూడండి

"లెర్న్‌డ్ టోకెన్స్ ఫ్రమ్ 14 మెసేజెస్, 31 మెసేజెస్ ఎగ్జామిన్డ్" లాంటి లైన్ వస్తుంది. చూసినవి 31, కొత్తగా నేర్చుకున్నవి 14. మిగతావి ఇంతకుముందే నేర్చుకున్నవన్నమాట, కంగారు అక్కర్లేదు. వారం తర్వాత కూడా నేర్చుకున్నవి సున్నా అని వస్తుంటే మాత్రం మీ ఫైండ్ షరతులు ఎక్కడో తేడా కొట్టాయి. 256 కేబీ దాటిన మెయిల్స్‌ను ఎస్‌ఏ-లెర్న్ మామూలుగా వదిలేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

తర్వాత ఫిల్టర్ యూజర్‌గానే ఎస్‌ఏ-లెర్న్ డంప్ మ్యాజిక్ కొట్టండి. ఎన్‌స్పామ్, ఎన్‌హామ్ అనే రెండు లైన్లు చూడండి. ట్రైనింగ్‌కు ముందు, తర్వాత రాసిపెట్టుకుంటే ఎంత పెరిగిందో తెలుస్తుంది.

అసలు పరీక్ష ఇప్పుడు. కొత్తగా వచ్చిన ఏదైనా మెయిల్ హెడర్లు తెరిచి ఎక్స్-స్పామ్-స్టేటస్ లైన్ చూడండి. అందులో బేయస్ అనే మాట పక్కన ఒక అంకె ఉంటుంది. 00 అంటే మంచిదని గట్టి నమ్మకం, 99 అంటే స్పామ్ అని గట్టి నమ్మకం, 50 అంటే ఎటూ తేల్చుకోలేదు. పాయింట్ల లెక్కలో 99 పడితే 3.5 కలుస్తాయి, 00 పడితే 1.9 తగ్గుతాయి. మొత్తం 5 చేరితే మెయిల్ స్పామ్ కింద పడుతుంది. అంటే బేయస్ ఒక్కటే మెయిల్‌ను పడగొట్టదు, మిగతా రూల్స్ కూడా చెయ్యి వేయాలి.

- అన్నిటికీ 50 వస్తుంటే ట్రైనింగ్ సరిపోలేదు, లేదా రెండు కుప్పలూ కలగాపులగం అయ్యాయి.
- బేయస్ మాటే కనపడకపోతే 200 లెక్క నిండలేదు. లేదా మీరు ట్రైనింగ్ ఇచ్చిన డేటాబేస్ ఒకటి, ఫిల్టర్ చదువుతున్నది ఇంకొకటి.

ఫలితం సరిగ్గా తూచాలంటే, ఈ వారం వచ్చినవాటిలో పది స్పామ్, పది హామ్ పక్కన దాచండి. వాటిని ట్రైనింగ్‌కు ఇవ్వొద్దు. ఇన్‌బాక్స్‌లో ఉంటే స్క్రిప్ట్ ఏరేస్తుంది కాబట్టి అది వెతకని ఫోల్డర్‌లోకి తీసేయండి. నెలకోసారి వాటి మీద స్పామ్‌అసాసిన్ కమాండ్‌ను టీ ఆప్షన్‌తో నడిపి చూడండి. నేర్పిన మెయిల్‌తోనే పరీక్ష పెడితే ఫిల్టర్‌కు ఎప్పుడూ ఫస్ట్ క్లాసే వస్తుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

*రూట్‌తో ట్రైనింగ్.* ఫిర్యాదుల్లో సగం ఇదే. రూట్‌తో నడిపితే నేర్చుకున్నదంతా రూట్ హోమ్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. ఫిల్టర్ తన సొంత ఖాళీ డేటాబేస్ చూసుకుంటూ ఉంటుంది. డంప్ మ్యాజిక్‌ను ఇద్దరు యూజర్లుగానూ కొట్టి చూడండి, అంకెలే చెప్పేస్తాయి.

*బేయస్ పాత్ తప్పుగా రాయడం.* ఆఫీసు మొత్తానికి ఒకే డేటాబేస్ కావాలంటే కాన్ఫిగ్ ఫైల్‌లో బేయస్-పాత్ ఇస్తాం. అక్కడ చివరి మాట ఫోల్డర్ పేరు కాదు, ఫైళ్ల పేర్లకు ముందు తగిలే ముక్క. చివర బేయస్ అని రాస్తే బేయస్-టోక్స్, బేయస్-సీన్ అనే ఫైళ్లు తయారవుతాయి. ఫోల్డర్ అనుకుని ఒక మాట తక్కువ రాస్తే ఫైళ్లు ఒక మెట్టు పైన ఎక్కడో పుడతాయి.

*స్పామ్ మాత్రమే నేర్పడం.* మొదటి విత్తనం వేశాక స్పామ్ మీద కోపంతో అందరూ అదే ఇస్తారు. మంచిది ఎలా ఉంటుందో సరిగ్గా తెలియని ఫిల్టర్‌కు అన్నీ చెడ్డగానే కనపడతాయి.

*న్యూస్‌లెటర్లను స్పామ్‌లోకి లాగడం.* మీరే సైన్ అప్ చేసుకున్న షాపింగ్ సైట్ మెయిల్‌ను స్పామ్ అని నేర్పితే, దాన్నుంచే వచ్చే ఆర్డర్ కన్ఫర్మేషన్ కూడా పోతుంది. అన్‌సబ్‌స్క్రైబ్ చేసుకోండి.

*ముందున్న గేట్‌వే హెడర్లు.* మీ సర్వర్‌కు ముందు ఇంకో కంపెనీ స్పామ్ స్కానర్ ఉంటే, అది తగిలించిన హెడర్‌ను చూసి మీ ఫిల్టర్ కాపీ కొట్టడం నేర్చుకుంటుంది. బేయస్-ఇగ్నోర్-హెడర్ అనే సెట్టింగ్‌లో ఆ హెడర్ పేరు రాసేయండి.

*ఒక మెయిల్‌ను తప్పు కుప్పలో నేర్పేశారా?* టెన్షన్ పడకండి. అదే మెయిల్‌ను సరైన కుప్పలో పెట్టి మళ్లీ నేర్పితే పాతది మర్చిపోయి కొత్తది రాసుకుంటుంది. ఏ వైపో తేల్చుకోలేకపోతే ఫర్గెట్ ఆప్షన్ ఉంది.

వేరే దారులు

స్క్రిప్టులు వద్దనుకుంటే డవ్‌కాట్‌లో ఐమ్యాప్‌సీవ్ ఉంది. మెయిల్‌ను ఫోల్డర్‌లోకి లాగిన క్షణంలోనే ట్రైనింగ్ జరిగిపోతుంది, తేదీల గొడవే ఉండదు. సెటప్ కొంచెం తలనొప్పి. పైగా ఎవరైనా ఒకేసారి 500 మెయిల్స్ లాగితే 500 సార్లు ట్రైనింగ్ ప్రోగ్రామ్ లేస్తుంది. అందుకే చిన్న సర్వర్లలో నేను రాత్రి స్క్రిప్ట్‌నే వాడతాను. కొత్తగా సర్వర్ కడుతున్నవాళ్లు ఆర్‌స్పామ్‌డి అనే ఇంకో ఫిల్టర్ చూడండి. వేగం ఎక్కువ, కానీ అక్కడ కూడా మామూలుగా 200 లెక్క ఉంది.

సొంత సర్వర్ లేదు, కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ వాడుతున్నారా? అకౌంట్ సెట్టింగ్స్‌లో జంక్ కంట్రోల్ ఆన్ చేసి, రెండు వారాల పాటు ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన స్పామ్‌ను జంక్ అని గుర్తు పెట్టండి. మంచివాటిని సెలెక్ట్ చేసి నాట్ జంక్ అని కూడా గుర్తు పెట్టాలి. ఈ రెండోది దాదాపు ఎవరూ చేయరు. నేర్చుకున్నది చెడిపోయిందనిపిస్తే సెట్టింగ్స్‌లో ట్రైనింగ్ డేటా రీసెట్ బటన్ ఉంటుంది, నొక్కి మళ్లీ మొదలుపెట్టండి.

సర్వర్ వాళ్లకు ఇంకొక్కటి. డేటాబేస్ నమ్మకంగా పనిచేస్తోందనిపించిన రోజున ఎస్‌ఏ-లెర్న్ బ్యాకప్ కొట్టి ఆ ఫైల్‌ను వేరే మెషీన్‌లో దాచండి. ప్రెస్‌లో డేటాబేస్ తుడిచినప్పుడు నా దగ్గర ఆ ఫైల్ లేదు. 600 మెయిల్స్ మళ్లీ చేత్తో ఏరడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.